బుధవారానికి మళ్లీ ఖాళీ

జడ్చర్ల దగ్గరి ఒక ఊరి నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దని కోరారు. అందులోని విషయం క్లుప్తంగా ఇది.

ఆమెకు 41 ఏళ్లు. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని బ్లౌజులు కుడతారు, చీరలకు ఫాల్, పీకో చేస్తారు. భర్త డీసీఎం నడుపుతారు, వారంలో సగం రాత్రులు హైదరాబాద్ రోడ్డు మీదే. ఇంటర్ చదివే కూతురు, తొమ్మిదో తరగతి కొడుకు, అత్తమ్మ ఉన్నారు. కొడుకు రెండేళ్ల పిల్లవాడిగా ఉన్నప్పుడు మెదడుకు జ్వరం ఎక్కి, బతకడం కష్టమన్నారు. పక్కింటివాళ్లు పాస్టర్‌గారిని పిలుచుకొచ్చి ప్రార్థన చేయించారు. పిల్లవాడు లేచి కూర్చున్నాడు. ఆ మరుసటి ఏడు ఆమె బాప్తిస్మం తీసుకున్నారు. భర్త తీసుకోలేదు, అడ్డమూ చెప్పలేదు. అత్తమ్మ ఇప్పటికీ పోచమ్మకు బోనం తీస్తుంది.

మొదటి రెండు మూడేళ్లు కాళ్లు నేల మీద ఆనలేదట. ఇప్పుడు ఆదివారం ఆరాధన, మంగళవారం ఉపవాస ప్రార్థన, శుక్రవారం స్త్రీల కూడిక, నెలాఖరున ఆల్‌నైట్ ప్రేయర్, ఇవి కాక హైదరాబాద్‌లో పెద్ద సభలు. మిషన్ తొక్కుతున్నంత సేపూ చెవుల్లో యూట్యూబ్ ప్రసంగాలే. "ఆదివారం ఏడ్చి ఏడ్చి తేలికపడి ఇంటికొస్తాను. సోమవారం బాగుంటుంది. బుధవారం వచ్చేసరికి లోపల ఏమీ ఉండదు. బైబిల్ తెరిస్తే అక్షరాలు కనిపిస్తాయి గానీ మనసుకు ఎక్కవు" అని రాశారు. సాక్ష్యం, అంటే దేవుడు తనకు చేసిన మేలు, అందరి ముందు చెప్పమన్నప్పుడల్లా కొడుకు బతికిన సంగతే చెబుతున్నారు. "ఈ మధ్య చెబుతుంటే వేరేవాళ్ల కథ చెబుతున్నట్టుంది."

వేసవిలో బహిరంగ సభకు వచ్చిన ఒక ప్రసంగీకుడు ఆమె తల మీద చెయ్యి పెట్టి, జీవితంలో ఏదో అడ్డు ఉందనీ, 21 రోజులు ఉపవాసం ఉండి విత్తన కానుక (దీవెన వస్తుందని ముందుగా వేసే డబ్బు) వేస్తే తొలగిపోతుందనీ చెప్పాడు. చిట్టీ ఎత్తిన డబ్బులోంచి పదివేలు వేశారు. భర్తకు తెలియదు. ఉపవాసం మొదలుపెట్టలేదు, కారణం రెండేళ్లుగా షుగర్. పొద్దున, రాత్రి టాబ్లెట్లు. విశ్వాసం ఉంటే ఆ టాబ్లెట్లు ఎందుకని కూడికలో ఒకామె అంటోందట.

ఆమె అడిగినవి మూడు. ఆ ఉపవాసం ఉండాలా? బైపాస్ దగ్గర కొత్తగా పెట్టిన సంఘంలో ఆత్మ బలంగా పనిచేస్తోందంటున్నారు, అక్కడికి మారాలా? లేక ఇదంతా మొదటి నుంచీ నా భ్రమేనా? "సమరయ స్త్రీతో ప్రభువు, నేనిచ్చే నీళ్లు తాగితే ఎప్పుడూ దప్పిక కాదన్నాడు కదా. ఒకసారి నిండితే మళ్లీ ఖాళీ కాని దారి ఏదైనా ఉందా అక్కా?"

*

చెల్లెమ్మా, ముందు టాబ్లెట్ల సంగతి తేల్చుకుందాం, మిగతావన్నీ ఆగుతాయి. టాబ్లెట్ ఆపొద్దు. టాబ్లెట్ వేసుకుంటూ పస్తులూ ఉండొద్దు. షుగర్ మందుల్లో కొన్ని, పొట్ట ఖాళీగా ఉన్నప్పుడు షుగర్‌ను ఒక్కసారిగా పడగొడతాయి. చెమటలు పట్టడం, వణుకు, కళ్లు తిరగడం, మాట తడబడటం, అదీ దాటితే స్పృహ తప్పడం. భర్త ఇంట్లో లేని రాత్రి అలా జరిగితే చూసేది మీ కూతురు. మందు మానేస్తే దానికి ఎదురు, షుగర్ పైకి పోయి కళ్లనీ కిడ్నీలనీ నెమ్మదిగా తింటుంది. మీ చీటీలో ఏ మందు రాశారో నాకు తెలియదు కాబట్టి, చిన్న ఉపవాసమైనా సరే, మీ డాక్టర్‌ను అడిగాకే.

ఈ 21 రోజుల లెక్క ఎక్కడిదో కూడా చూడండి. దానియేలు గ్రంథం పదో అధ్యాయం తెరవండి. మూడు వారాలు దానియేలు దుఃఖంలో ఉన్నాడని ఉంటుంది. అయితే ఆయన పస్తులున్నాడని అక్కడ లేదు. రుచిగల భోజనం ముట్టలేదు, మాంసం, ద్రాక్షారసం నోట పెట్టలేదు, అంతే. కానుక వేశాడనైతే అసలే లేదు. యెషయా 58లో ఉపవాసం గురించి దేవుడే మాట్లాడతాడు. ఆకలిగా ఉన్నవాడికి నీ అన్నం పెట్టడం, దిక్కులేనివాడిని ఇంట్లోకి రానివ్వడం, నీ సొంతవాళ్లకు మొహం చాటేయకపోవడం, ఇది నాకు ఇష్టమైన ఉపవాసం అంటాడు. మీకు ఉపవాసం చేయాలనే ఉంటే, మూడు వారాలు ఇయర్‌ఫోన్లు పెట్టుకోకుండా మిషన్ తొక్కండి. అన్నం మానేయడం కన్నా అది మీకు కష్టమని నా అనుమానం.

ఇక భ్రమ సంగతి. పిల్లవాడు బతికాడు, ఇప్పుడు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు, అందులో భ్రమేముంది? ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించినవాళ్లకూ, మంచం పక్కన మోకాళ్లూనినవాళ్లకూ కలిపి కృతజ్ఞత చెప్పుకోవచ్చు. ఒకరికి చెబితే ఇంకొకరికి తక్కువ కాదు. అయితే ఆనాటి సంతోషమే ఈనాడూ అలాగే ఉండాలని మీరు పట్టుబడుతున్నారు. అక్కడే వస్తోంది చిక్కు.

నిర్గమకాండం 15 చదవండి. ఐగుప్తు నుంచి బయటపడి ఎర్రసముద్రం దాటిన ఇశ్రాయేలు జనం ఒడ్డున నిలబడి పాట పాడారు. మిర్యాము తంబుర పట్టుకుంది, ఆడవాళ్లంతా ఆమె వెంట నాట్యమాడారు. మన ఆదివారం ఆరాధనలకు తాతలాంటి ఆరాధన అది. తర్వాత అరణ్యంలో మూడు రోజులు నడిచారు, నీళ్లు దొరకలేదు. మారాకు వస్తే నీళ్లున్నాయి గానీ చేదు. వెంటనే మోషే మీద సణుగుడు మొదలు. ఆదివారం నుంచి మూడు రోజులు లెక్కపెట్టండి, ఏ వారం వస్తుందో. సముద్రం చీలడం కళ్లారా చూసినవాళ్లకే మూడో రోజుకు అడుగంటితే, ప్లాస్టిక్ కుర్చీల మీద కూర్చుని మైకులో ప్రసంగం విన్న మనకు బుధవారానికి ఖాళీ కావడం పాపమూ కాదు, శాపమూ కాదు. (ఆ మైకుల సౌండ్ గురించి నాకు వేరే గోడు ఉంది, ఇంకోసారి.)

ఆ తర్వాతి అధ్యాయంలోనే మన్నా వస్తుంది, ఆకాశం నుంచి దేవుడు కురిపించిన ఆహారం. ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి, మనిషికి ఒక ఓమెరు కొలత. రేపటికి దాచిపెట్టినవాళ్లది పురుగు పట్టి కంపు కొట్టింది. విశ్రాంతి దినానికి ముందు రోజు మాత్రం రెండింతలు. ఇలా నలభై ఏళ్లు. మధ్యలో వాళ్లకు అది మొహం మొత్తింది కూడా, ఈ చప్పటి తిండి మాకు అసహ్యమని సంఖ్యాకాండంలో బాహాటంగానే అంటారు. ప్రభువు నేర్పిన ప్రార్థనలో కూడా అనుదినాహారమే అడుగుతాం, సంవత్సరానికి సరిపడా కాదు. మీరు ఆదివారం ఏరుకున్నదాన్ని శనివారం దాకా తినాలని చూస్తున్నారు. పన్నెండేళ్ల కిందటిదాన్ని సాక్ష్యంగా ఇంకా వడ్డిస్తున్నారు. అది మీకే రుచించడం లేదని ఉత్తరంలో రాసేశారు, ఆ నిజాయితీ నాకు నచ్చింది.

కాబట్టి మీ చివరి ప్రశ్నకు నా జవాబు, లేదు. ఒకసారి నింపుకుని మూత పెట్టుకునే దారి లేదు. బావి దగ్గర ఆ సమరయ స్త్రీతో ప్రభువు చెప్పిన మాట మళ్లీ చదవండి, ఊరే ఊట గురించి చెప్పాడు, నిండిన కుండ గురించి కాదు. ఆ స్త్రీ తన కుండ అక్కడే వదిలేసి, ఎవరికి మొహం చూపించలేక మిట్టమధ్యాహ్నం నీళ్లకు వచ్చిందని అంటారో ఆ ఊళ్లోవాళ్ల దగ్గరికే వెళ్లింది.

మీ ఉత్తరంలో రెండు మాటలున్నాయి. రెండూ మీరు దాటేసి పోయినవే.

ఒకటి మూడో పేజీలో. "శనివారం సాయంత్రం నేనూ ఇంకో ఇద్దరం మందిరం ఊడుస్తాం. చాపలు బయట దులిపి, బండలు తుడిచి, మళ్లీ పరుస్తాం. అప్పుడు మాత్రం ఏ టెన్షనూ ఉండదు. అప్పుడు ప్రార్థన కూడా చేయను అక్కా, ఊరికే పిచ్చి ముచ్చట్లు చెప్పుకుంటాం." దీన్ని మీరు తప్పు ఒప్పుకున్నట్టు రాశారు. నేను మాత్రం ఉత్తరమంతటిలో ఇక్కడే ఆగిపోయాను. వారానికి ఇన్ని కూడికలకు పోయి వెతుకుతున్నది మీకు చీపురు చేతిలో ఉన్నప్పుడు దొరుకుతోంది. అక్కడ మీకు ఏదో రావాలని మీరు చూడటం లేదు. ఎవరూ మిమ్మల్ని సాక్ష్యం అడగడం లేదు. రేపు నలుగురు వచ్చి కూర్చునే చోటు శుభ్రం చేస్తున్నారు, పక్కన ఇద్దరు మనుషులున్నారు. దాన్ని ప్రార్థన కాదని మీకు ఎవరు చెప్పారు?

రెండోది మీ అత్తమ్మ గురించి ఫిర్యాదు చేస్తూ రాశారు. "రాత్రి కూడిక నుంచి వచ్చేసరికి పదకొండవుతది. ఆమె జొన్నరొట్టె చేసి, మీద గిన్నె బోర్లించి పెడ్తది. నేను తినకుండానే పడుకుంటా, పొద్దున దాని గురించి లొల్లి."

ఏలీయా ప్రవక్త కథ మీకు తెలుసు. కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దిగింది, అంతకన్నా పెద్ద సభ ఎక్కడుంటుంది? ఆ వెంటనే యెజెబెలు రాణి బెదిరిస్తే పారిపోయి, బదరీ చెట్టు కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు ఆయన్ని గద్దించలేదు, ఉపవాసం ఉండమనలేదు. పడుకోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపితే తలాపున నిప్పుల మీద కాల్చిన రొట్టె, కుండలో నీళ్లు. తిని మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపి, మళ్లీ తినమన్నాడు. ఆ తర్వాతే నడక, ఆ తర్వాతే హోరేబు కొండ, ఆ తర్వాతే మెల్లని స్వరం. మీ ఇంట్లో రాత్రిపూట రొట్టె పెట్టి కాచుకునే మనిషి బోనం ఎత్తే మనిషే కావచ్చు. ఆ రొట్టె తినండి. షుగర్ టాబ్లెట్ వేసుకుని తినకుండా పడుకోవడం ప్రాణం మీదికి కూడా తేవచ్చు. ఆమె దేవత వేరు, మీ దేవుడు వేరు, ఆ తేడా అలాగే ఉంటుంది. ఉన్నా, "మంచిగున్నది అత్తమ్మా" అనడానికి ఏ సిద్ధాంతమూ అడ్డురాదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

ఇప్పుడు నడుస్తున్నట్టే అన్ని కూడికలూ నడిపించుకోవచ్చు. దాని ఖర్చు మీ కూతురు చెప్పేసింది, "నువ్వు మందిరంలనే మంచిగ ఉంటవ్ అమ్మా" అని. పదహారేళ్ల పిల్ల అన్న ఆ మాటను ఎదురు మాటగా కొట్టిపారేయొద్దు. పౌలు గలతీయులకు రాసిన పత్రికలో, అంటే ఉత్తరంలో, ఆత్మఫలం తొమ్మిది రకాలుగా చెప్పారు, దీర్ఘశాంతం, దయాళుత్వం, సాత్వికం, ఆశానిగ్రహం అన్నీ అందులోనే. వీటిలో ఒక్కటి కూడా ఆల్‌నైట్ ప్రేయర్‌లో బయటపడేది కాదు. చంక దగ్గర పట్టేసిందని పెళ్లి ముందు రోజు బ్లౌజు తెచ్చి మొహాన కొట్టిన మనిషి దగ్గర బయటపడుతుంది. మీలో దేవుడి పని జరుగుతోందా లేదా అన్నది ఏడుపును బట్టి చూడకండి, మీ ఇంట్లోవాళ్లను అడగండి.

అన్నీ ఒక్కసారి మానేయడం ఇంకో దారి. మీ కోపంలో ఆ మాట కూడా రాశారు. దానికి నేను భయపడతాను. మొదటి తరం విశ్వాసికి సంఘమే పుట్టిల్లు. మానేస్తే నెలరోజులు హాయిగా ఉంటుంది, తర్వాత ఎవరూ లేనట్టవుతుంది. అప్పుడు ఆ ఖాళీ బుధవారం ఒక్కరోజుది కాదు.

సంఘం మారడం గురించి. బైపాస్ దగ్గరి సంఘం మంచిదే కావచ్చు. కొత్త చోట నాలుగు నెలలు కొత్త సంతోషం కూడా ఉంటుంది. ఆ తర్వాత అక్కడా ఒక బుధవారం వస్తుంది. అప్పుడు ఇంకో సంఘమా? మారడానికి సరైన కారణాలు లేకపోలేదు. మందులు మానమని పాస్టర్‌గారే చెబితే, కానుకల కోసం పీడిస్తే, తప్పు బోధ చేస్తే మారండి, నేనే మారమంటాను. మీ ఉత్తరంలో మీ పాస్టర్‌గారు అలాంటిదేమీ చేసినట్టు లేదు. టాబ్లెట్ల మాట అన్నది కూడికలో ఒకామె. ఆ సంగతి పాస్టరమ్మతో చెప్పండి, ఇంకో షుగర్ మనిషి ఆ మాట నమ్మకముందే.

నాకు మేలనిపించేది, తగ్గించుకుని నిలబడటం. ఆదివారం ఆరాధన, శుక్రవారం కూడిక ఉంచుకోండి. శనివారం చీపురు మాత్రం వదలొద్దు. మిగతావి క్రిస్మస్ దాకా ఆపండి. పొద్దున మిషన్ మీద కూర్చునే ముందు ఒక కీర్తన, ఒక్కటే. అందులో ఒక వచనం బట్టల మీద గీసే ఆ చాక్‌తోనే పాత పలక మీద రాసి, మిషన్ ఎదురుగా ఆనించండి. రోజంతా ఆ ఒక్కటే. మన నల్లగొండ, పాలమూరు వైపు పందొమ్మిదో శతాబ్దం చివర బాప్టిస్టు, మెనొనైట్ అనే క్రైస్తవ శాఖల మిషనరీలు వచ్చిన రోజుల్లో విశ్వాసుల్లో ఎక్కువమంది కూలీలు, జీతగాళ్లు, చదువు రానివాళ్లు. వాక్యం నోటికి పట్టేవారు, కీర్తనలు పాటగా నేర్చుకునేవారు. రోజుకు పది ప్రసంగాలు వినే వసతి వాళ్లకు లేదు. ఒక్క మాటను పట్టుకుని పొలం పని చేసుకోవడం వచ్చు. మీ పని కూడా అలాంటిదే, చేతులు కదులుతుంటాయి, మనసు ఖాళీగా ఉంటుంది. ఆ చోటు యూట్యూబ్‌కు పూర్తిగా ఇచ్చేశారు.

రాత్రి పడుకునే ముందు ఆ రోజు జరిగింది మామూలు మాటల్లో దేవుడికి చెప్పండి, అత్తమ్మ మీద వచ్చిన కోపంతో సహా. ఏమీ అనిపించకపోతే, ఏమీ అనిపించడం లేదని చెప్పండి. 88వ కీర్తన చదివారా? దాదాపు కీర్తనలన్నీ చివరికి ఎక్కడో ఒక ఆశ దగ్గర తేలతాయి, అది మాత్రం చీకటిలోనే ముగుస్తుంది. అయినా దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు. మదర్ థెరిసా 1997లో చనిపోయాక పదేళ్లకు ఆమె ఉత్తరాలు అచ్చయ్యాయి. దశాబ్దాల తరబడి ఆమెకు లోపల దేవుడున్నట్టే అనిపించలేదని వాటిలో ఉంది. ఆమె మాత్రం రోజూ పొద్దున్నే లేచి రోగుల దగ్గరికి పోయింది.

ఇది తేలిక అనుకోకండి. మొదటి పది పదిహేను రోజులు ఇప్పటికన్నా విసుగ్గా ఉంటుంది. చెవుల్లో మాటల్లేకపోతే ఏవేవో పాత సంగతులు పైకి తేలతాయి. కూడికలో "ఏం సిస్టర్, వెనకబడ్డవా?" అంటారు. "షుగర్ ఉంది, రాత్రిళ్లు నిద్ర కావాలి" అని చెప్పండి, అబద్ధం కూడా కాదు. సాక్ష్యం అడిగితే, ఈసారి సాక్ష్యం లేదు, నాకోసం ప్రార్థన చేయండి అనండి. ఆ మాట విని సంఘంలో ఇంకో ఇద్దరు ముగ్గురు ఊపిరి పీల్చుకుంటారని నా నమ్మకం.

ఇంకో సంగతి. నీరసం, నిద్ర పట్టకపోవడం, దేని మీదా మనసు నిలవకపోవడం మీరే రాశారు. షుగర్ అదుపులో లేకపోయినా అలా ఉంటుంది, రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఉన్నా అలాగే ఉంటుంది. పరీక్షలు చేయించండి. అవన్నీ బాగుండి కూడా రెండు వారాలకు మించి అలాగే ఉంటే, అది డిప్రెషన్ కావచ్చు. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ అడగరు. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే మాత్రం రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే ఫోన్ చేయండి, ఇంట్లో ఎవరికైనా చెప్పండి. అది విశ్వాసం తక్కువై వచ్చేది కాదు.

మిగిలింది పదివేలు. మీరు దాన్ని గురించి ఏమీ అడగలేదు, కానీ రెండుసార్లు రాశారు. చెప్పకుండా ఉండొచ్చు, చిట్టీ లెక్క ఆయన అడిగే రోజుదాకా. అడిగిన రోజు డబ్బు కన్నా దాచారన్నదే ఆయనకు తగులుతుంది. "నిన్ను ప్రార్థనకు పోవద్దని ఎప్పుడన్నా అన్ననా?" అంటాడు, ఆ మాటకు మీ దగ్గర జవాబు ఉండదు. మీరే చెబితే అరుస్తాడు, కొన్నాళ్లు మందిరం అంటే మండిపడొచ్చు. అయినా రెండోదే తక్కువ నష్టమని నాకనిపిస్తుంది. బలిపీఠం దగ్గర కానుక వదిలేసి ముందు మనిషితో సమాధానపడు అని మత్తయి ఐదో అధ్యాయంలో ఉంది, మీ విషయంలో కానుక ముందే వెళ్లిపోయింది, అంతే తేడా. ఆ సభవాళ్లను అడిగి చూడండి గానీ డబ్బు తిరిగొస్తుందని ఆయనకు ఆశ పెట్టకండి. బ్లౌజుల మీద వచ్చేదాంట్లో నెలకు ఇంత అని పక్కన పెట్టి పూడుస్తానని చెప్పండి. డీసీఎం దిగి వచ్చిన రాత్రి కాదు, ఆయన నిద్రపోయి లేచి, చాయ్ తాగాక.